టెన్త్ తర్వాత ఏంటి? మీ పిల్లల గ్రూప్‌ని అసలు ఎవరు డిసైడ్ చేస్తున్నారు?

లాస్ట్ ఎగ్జామ్ రాసి పిల్లాడు ఇంటికొచ్చి ప్యాడ్ మంచం మీద పడేస్తాడు. ఆ సాయంత్రమే ఇంట్లో ఫోన్ మోగుతుంది. కొన్ని ఇళ్లలో అయితే ఎగ్జామ్స్ మొదలవకముందే, సంక్రాంతి సెలవుల్లోనే మోగుతుంది. "అన్నా నమస్తే.. మీ బాబు టెన్త్ కదా.. కాలేజీ నుంచి మాట్లాడుతున్నాం.. ఒక్క పది నిమిషాలు ఇంటికొస్తాం." వస్తారు. ఇద్దరు వస్తారు. బ్రోచర్ తీస్తారు. ర్యాంకర్ల ఫొటోలు, ఏసీ క్యాంపస్, ఈరోజే అడ్వాన్స్ కడితే డిస్కౌంట్.. రేపైతే గ్యారంటీ లేదు. అరగంటలో ఐదు వేలో, పది వేలో చేతులు మారతాయి. ఎంపీసీనా, బైపీసీనా అన్నది కూడా ఆ అరగంటలోనే తేలిపోతుంది. పిల్లాడు మాత్రం పక్క గదిలో ఫోన్ చూసుకుంటూ ఉంటాడు.

షెడ్యూల్ రాకముందే అడ్మిషన్లు చేయొద్దని రెండు రాష్ట్రాల ఇంటర్ బోర్డులూ చెబుతూనే ఉంటాయి. అయినా ఏటా ఇదే సీన్. ఇంటికొచ్చిన పీఆర్వోని తిట్టుకుని లాభం లేదు, అతనికి టార్గెట్ ఉంటుంది, ఎన్ని అడ్మిషన్లు తెస్తే అంత కమీషన్. మన నంబర్ అతని దగ్గరకు ఎలా వెళ్లిందన్నది కూడా అందరికీ తెలిసిన రహస్యమే. అసలు ప్రశ్న వేరే ఉంది. ఆ అరగంటకు ముందు పదేళ్లు స్కూల్లో కూర్చున్న పిల్లాడితో, 'నువ్వు ఏం చదవాలనుకుంటున్నావు, దానికి దారి ఏంటి' అని ఒక్కరైనా కూర్చుని మాట్లాడారా?

చాలా స్కూళ్లలో ఆ పని ఎవరిదీ కాదు. మ్యాథ్స్ సార్‌ది మ్యాథ్స్ సిలబస్, హెడ్‌మాస్టర్‌ది పాస్ పర్సంటేజీ. ఆ ఖాళీలోకే పీఆర్వో వచ్చి కూర్చుంటున్నాడు.

ప్రిపరేషన్ అంటే ఫౌండేషన్ కోచింగేనా?

మన దగ్గర హైస్కూల్ పిల్లల్ని భవిష్యత్తుకు సిద్ధం చేయడం అంటే ఒక్కటే అర్థం స్థిరపడిపోయింది. ఆరో తరగతి నుంచి ఐఐటీ ఫౌండేషన్. స్కూల్ బోర్డు మీద కూడా 'ఒలింపియాడ్, టెక్నో, మెడికాన్' లాంటి పేర్లు.

లెక్క ఒకసారి చూద్దాం. 2025లో జేఈఈ మెయిన్ రాసిన వాళ్లు దాదాపు 14.75 లక్షల మంది. ఐఐటీలన్నీ కలిపి ఆ ఏడాది సీట్లు 18 వేల పైచిలుకు. అదే ఏడాది నీట్ రాసిన వాళ్లు 22 లక్షలకు పైనే. దేశం మొత్తం మీద ఎంబీబీఎస్ సీట్లు లక్షకు కాస్త ఎక్కువ, అందులో ప్రభుత్వ సీట్లు దాదాపు సగం. అంటే ఆరో తరగతి నుంచి ఒకే తలుపు ముందు నిలబెట్టిన పిల్లల్లో ఎక్కువ మందికి ఆ తలుపు తెరుచుకోదు. వాళ్లు తెలివితక్కువవాళ్లు కాదు, సీట్లే లేవు. ఆ తలుపు తెరుచుకోని రోజున పక్కన ఇంకేం తలుపులున్నాయో పిల్లాడికి తెలియదు, ఇంట్లో వాళ్లకూ తెలియదు. ప్రమాదం అక్కడుంది.

2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తర్వాత 20 మందికి పైగా పిల్లల్ని పోగొట్టుకున్నాం. మార్కుల గందరగోళం మీద అప్పట్లో పెద్ద చర్చే జరిగింది. కానీ 'ఇది పోతే ఇంకేం లేదు' అన్న మాటను ఆ పిల్లల చెవిలో ఏళ్ల తరబడి వేసింది ఎవరన్న చర్చ పెద్దగా జరగలేదు. (ఇంట్లో పిల్లలు ఒత్తిడిలో ఉన్నారనిపిస్తే టెలీ మానస్ నంబర్ 14416. ఫ్రీ కాల్, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడతారు.)

శబ్దం లేకుండా మూసుకునే తలుపులు

టెన్త్ రిజల్ట్ వచ్చాక చూద్దాంలే అనుకునే ఇళ్లు ఎక్కువ. కానీ కొన్ని అవకాశాలకు రిజల్ట్ వచ్చేసరికే టైమ్ అయిపోతుంది. వాటికి బ్రోచర్లుండవు, ఫోన్లు రావు.

మొదటిది ఎనిమిదో తరగతిలోనే. ఎన్ఎంఎంఎస్ అని కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ ఒకటుంది. సర్కారు బడి, జిల్లా పరిషత్, ఎయిడెడ్ స్కూళ్లలో చదివే ఎనిమిదో తరగతి పిల్లలు పరీక్ష రాయాలి. ఇంటి ఆదాయం ఏడాదికి 3.5 లక్షల లోపు ఉండాలి. సెలెక్ట్ అయితే తొమ్మిది నుంచి ఇంటర్ సెకండ్ ఇయర్ దాకా ఏడాదికి 12 వేలు, మొత్తం 48 వేలు. కూలి పనికెళ్లే ఇంట్లో పిల్లాడిని ఇంటర్‌కి పంపాలా వద్దా అన్నది తేల్చేంత డబ్బు అది. ఎనిమిదిలో రాయకపోతే మళ్లీ ఛాన్స్ లేదు. శ్రద్ధ ఉన్న ఒక్క టీచర్ ఉన్న బడిలో ఏటా పిల్లలు సెలెక్ట్ అవుతుంటారు. పక్క ఊరి బడిలో ఆ పేరే తెలియదు.

రెండోది పాలిసెట్. పాలిటెక్నిక్ డిప్లొమాలో చేరడానికి టెన్త్ సిలబస్ మీదే 120 మార్కుల పరీక్ష. దీనికి దరఖాస్తులు మామూలుగా టెన్త్ రిజల్ట్ రాకముందే మొదలవుతాయి, పరీక్షలు రాసిన పిల్లలు అప్లై చేసుకోవచ్చు. ఏపీలో గురుకుల జూనియర్ కాలేజీల్లో సీట్ల కోసం పెట్టే ఏపీఆర్‌జేసీ కూడా అంతే. రిజల్ట్ కోసం కూర్చున్నవాళ్లు లేట్ ఫీజు కట్టాలి, లేదా వదులుకోవాలి.

ట్రిపుల్ ఐటీలది కాస్త వేరు. నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం, తెలంగాణలో బాసర.. ఇవి టెన్త్ మార్కుల మీదే సీట్లిస్తాయి. ఆరేళ్ల కోర్సు, ఇంటర్ బీటెక్ కలిపి. సర్కారు బడి పిల్లలకు కొంత అదనపు వెయిటేజీ ఉంటుంది. అంటే టెన్త్ మార్కులు ఎందుకూ పనికిరావన్న మాట కనీసం ఇక్కడ తప్పు. ఈ సంగతి పిల్లాడికి తొమ్మిదిలో తెలిస్తే చదువు ఒకలా ఉంటుంది, రిజల్ట్ రోజు తెలిస్తే ఇంకోలా ఉంటుంది.

మూడో తలుపు గురించి తెలంగాణ తల్లిదండ్రులు జాగ్రత్తగా చదవాలి. నీట్ కోచింగ్ కోసం పిల్లల్ని ఇంటర్‌కి విజయవాడ పంపే కుటుంబాలు ఖమ్మం, నల్లగొండ వైపు ఎప్పటినుంచో ఉన్నాయి. ఇప్పుడు తెలంగాణలో మెడికల్ సీట్లకు లోకల్ అనిపించుకోవాలంటే ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్లు, అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు తెలంగాణలోనే చదివి ఉండాలన్నది రూల్. దీని మీద కోర్టుల్లో పెద్ద పోరాటమే నడిచింది. 2025 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు ఆ రూల్‌ని సమర్థించింది. ప్రభుత్వ ఉద్యోగుల పిల్లల్లాంటి కొందరికి మినహాయింపులున్నాయి, మిగతావాళ్లకు లేదు. ఇక్కడే పుట్టి ఇక్కడే పెరిగినా, రెండేళ్ల హాస్టల్ చదువు కోసం రాష్ట్రం దాటితే సొంత రాష్ట్రంలో లోకల్ కోటా పోవచ్చన్నమాట. ఆంధ్రా నుంచి హైదరాబాద్ పంపేవాళ్లు కూడా అక్కడి రూల్స్ చూసుకోవాల్సిందే, స్థానికత లెక్క ప్రధానంగా ఎక్కడ చదివారన్న దాని మీదే ఉంటుంది. విభజన చట్టం కింద పదేళ్లు నడిచిన ఉమ్మడి అడ్మిషన్ల ఏర్పాటు 2024 జూన్ 2తో ముగిసింది. పాత అన్నయ్య, పాత అక్కయ్య ఎలా చేరారో చూసి ఇప్పుడు చేరితే దెబ్బ తింటారు. అడ్వాన్స్ కట్టించుకునే పీఆర్వో ఈ మాట చెబుతాడా? చెప్పడు.

గ్రూప్ అంటే రెండే కాదు

అసలు గొడవంతా ఇక్కడుంది. మన ఇళ్లలో గ్రూప్ ఎంచుకోవడం ఎలా జరుగుతుందో గమనించారా? లెక్కలు బాగా వస్తే ఎంపీసీ. లెక్కలంటే భయం అయితే బైపీసీ. రెండూ రాకపోతే సీఈసీ. అది చెప్పేటప్పుడు గొంతు కూడా కాస్త తగ్గుతుంది, ఏదో తప్పు చేసినట్టు.

లెక్కలకు భయపడి బైపీసీకి వెళ్లిన పిల్లకి అక్కడ ఫిజిక్స్, కెమిస్ట్రీ ఎదురవుతాయి. ఫిజిక్స్ నిండా లెక్కలే. నీట్‌లో 720 మార్కుల్లో ఫిజిక్స్, కెమిస్ట్రీ కలిపి సగం. అంటే పారిపోయి వచ్చిన దాని దగ్గరకే మళ్లీ వచ్చినట్టు. బైపీసీ తీసుకోవాల్సింది జీవశాస్త్రం మీద ఇష్టంతో. డాక్టర్ సీటు రాకపోయినా నర్సింగ్, అగ్రికల్చర్ బీఎస్సీ, వెటర్నరీ, ఫార్మసీ, ల్యాబ్ కోర్సులు.. ఇవేవైనా ఫర్వాలేదు అనుకునేవాళ్లకు అది మంచి గ్రూప్. 'ఎంబీబీఎస్ లేకపోతే వేస్ట్' అనుకునేవాళ్లకు మాత్రం చాలా ప్రమాదకరమైన గ్రూప్.

ఎంపీసీ తీసుకుంటే మెడిసిన్, బీఎస్సీ నర్సింగ్ వైపు దారి దాదాపు మూసుకుంటుంది. ఇంజినీరింగ్, ఆర్కిటెక్చర్, కమర్షియల్ పైలట్ లైసెన్స్, ఎన్‌డీఏలో నేవీ, ఎయిర్‌ఫోర్స్.. వీటికి మ్యాథ్స్, ఫిజిక్స్ కావాలి కాబట్టి ఎంపీసీ కావాలి. రెండిట్లో తేల్చుకోలేని పిల్లల కోసం ఏపీ ఇంటర్ బోర్డు 2025-26 నుంచి ఎంబైపీసీ దారి కూడా తెరిచింది. అయితే రెండు పడవల మీద కాళ్లు పెట్టాలంటే చదువు బరువు కూడా ఎక్కువే. తెలివైన పిల్లే కదా అని తొందరపడి అందులో వేసేయొద్దు.

ఇక సీఈసీ, ఎంఈసీ, హెచ్‌ఈసీ. చార్టర్డ్ అకౌంటెన్సీకి ఏ గ్రూప్ వాళ్లైనా వెళ్లొచ్చు, కామర్స్ చదివినవాళ్లకు దారి సులువు. లా చదవాలంటే ఏ గ్రూప్ అయినా ఒకటే. క్లాట్ రాస్తే హైదరాబాద్‌లో నల్సార్, విశాఖలో దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీ ఉన్నాయి. ఆ క్లాట్‌లో వచ్చేదేంటి? చదివి అర్థం చేసుకునే ప్యాసేజీలు, కరెంట్ అఫైర్స్, లాజిక్, టెన్త్ స్థాయి లెక్కలు. హోటల్ మేనేజ్‌మెంట్‌కి, నిఫ్ట్, ఎన్‌ఐడీల్లో డిజైన్ కోర్సులకూ అంతే, గ్రూప్ అడ్డు కాదు. ఎన్‌డీఏలో ఆర్మీ వింగ్‌కి హెచ్‌ఈసీ చదివిన అమ్మాయి కూడా అప్లై చేయొచ్చు. అమ్మాయిలకు ఎన్‌డీఏ పరీక్ష తెరుచుకున్నది 2021లో, సుప్రీంకోర్టు ఆదేశంతో. సివిల్స్‌కి ఏదో ఒక డిగ్రీ ఉంటే చాలు. ఇన్ని ఉంటే ఊళ్లో హెచ్‌ఈసీ తీసుకున్న పిల్లని చూసి బంధువులు జాలిపడటం ఏంటో అర్థం కాదు.

2022 నుంచి సీయూఈటీ వచ్చింది. దేశంలోని సెంట్రల్ యూనివర్సిటీల్లో డిగ్రీ సీట్లకు ప్రధాన ఎంట్రన్స్ అదే. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సులు, అనంతపురంలో ఏపీ సెంట్రల్ యూనివర్సిటీ.. ఫీజులు ప్రైవేటు కాలేజీలతో పోలిస్తే చాలా తక్కువ. సైన్స్ మీద నిజంగా ఇష్టం ఉన్న పిల్లలకు తిరుపతిలో ఐసర్ ఉంది. ఇవన్నీ మన గడప దగ్గరే ఉన్నాయి. కానీ ఎంసెట్ (ఇప్పుడు ఎప్‌సెట్ అంటున్నాం, నోరు మాత్రం ఎంసెట్ అనే అంటుంది) తప్ప వేరే పేరు వినని ఇళ్లు లక్షల్లో ఉంటాయి.

చేతిపని అంటే చిన్నచూపు ఎందుకు?

పాలిటెక్నిక్ మూడేళ్లు. గవర్నమెంట్ కాలేజీలో ఏడాది ఫీజు కొన్ని వేలే. పూర్తయ్యాక ఈసెట్ రాసి నేరుగా బీటెక్ సెకండ్ ఇయర్‌లో చేరొచ్చు. అంటే టెన్త్ తర్వాత ఆరేళ్లకు డిప్లొమా, బీటెక్ రెండూ చేతిలో ఉంటాయి. ఇంటర్ దారిలో వెళ్లినా అదే ఆరేళ్లు, మధ్యలో మాత్రం డిప్లొమా ఉండదు. ఇంట్లో పరిస్థితి బాగోలేక మూడేళ్లకే ఆగిపోవాల్సి వస్తే డిప్లొమా హోల్డర్‌కి ఉద్యోగం దొరికే దారుంది, ఇంటర్‌తో ఆగిపోయినవాడికి అది చాలా కష్టం. ఆర్థికంగా వెనుకబడిన ఇంటికి ఇంతకంటే సేఫ్ దారి ఇంకోటి కనిపించదు. అయినా దీని కోసం ఇంటికొచ్చి బ్రోచర్ చూపించే వాళ్లుండరు. ఎందుకంటే దీంట్లో ఎవరికీ కమీషన్ లేదు!

ఐటీఐదీ అదే కథ. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ ట్రేడ్‌లు రెండేళ్లు, వెల్డర్ ఏడాది. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ నోటిఫికేషన్ పడ్డప్పుడు టెన్త్‌తో పాటు ఐటీఐ ఉన్నవాళ్లు అర్హులు. కరెంట్ ఆఫీసులో జూనియర్ లైన్‌మన్ పోస్టులకు ఐటీఐ అడుగుతారు. ఆ లైన్‌మన్ పోస్టులప్పుడు బీటెక్ చదివిన అన్నలు కోచింగ్ సెంటర్ల ముందు నిలబడి చూస్తుంటారు. తెలంగాణలో 65 సర్కారు ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని చేపట్టారు. కొత్త మెషీన్లు వచ్చాయి సరే.. వాటిని నేర్పే ఇన్‌స్ట్రక్టర్లు ఎంతమంది ఉన్నారన్నది సీటు తీసుకునే ముందు నేరుగా వెళ్లి చూసుకోవాల్సిందే. బిల్డింగ్ చూసి మురిసిపోయి మోసపోవడం మనకు కొత్త కాదు.

ఇక బీటెక్ అనగానే కంప్యూటర్ సైన్స్. రెండు రాష్ట్రాల్లోనూ సీట్లలో ఎక్కువ భాగం సీఎస్‌ఈ, దాని అనుబంధ బ్రాంచీలకే పోయాయి. ఐటీ కంపెనీలు ఫ్రెషర్ల రిక్రూట్‌మెంట్‌లో ఆచితూచి అడుగేస్తున్న టైమ్ ఇది. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉందిలే అన్న ధీమా కూడా పూర్తిగా పెట్టుకోలేం. బకాయిల కోసం 2025లో తెలంగాణ ప్రైవేటు కాలేజీలు బంద్‌కి దిగిన సంగతి చూశాం. సర్కారు నుంచి డబ్బు ఆలస్యమైతే సర్టిఫికెట్ కోసం కాలేజీ చుట్టూ తిరిగేది విద్యార్థే.

నెట్ సెంటర్ అన్న చేతిలో మీ పిల్లల భవిష్యత్తు

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, కానీ సీట్లు పోయేది ఇక్కడే. టెన్త్ అయిన పిల్లాడికి సొంత ఈమెయిల్ ఉండదు. నెట్ సెంటర్‌కి వెళ్తాడు. అక్కడి అన్న తనే ఒక మెయిల్ క్రియేట్ చేస్తాడు, పాస్‌వర్డ్ తనే పెడతాడు, తొందరలో ఒక్కోసారి తన ఫోన్ నంబరే ఇచ్చేస్తాడు. నెల తర్వాత వెబ్ ఆప్షన్లు పెట్టాల్సిన రోజున ఓటీపీ అతని ఫోన్‌కి వెళ్తుంది. ఆ రోజు షాప్ మూసి ఉంటుంది, లేదా ముందు 40 మంది క్యూలో ఉంటారు. ఆప్షన్ల లిస్టు కూడా అతనే పెట్టేస్తాడు. ఏ కాలేజీ ముందు, ఏది వెనక అన్నది పిల్లాడికి తెలియదు. సీటు అలాట్ అయ్యాక 'ఈ కాలేజీ ఎక్కడుంది నాన్నా?' అని అడుగుతాడు.

ఒక దరఖాస్తు సొంతంగా నింపడం, ఒక మెయిల్ రాయడం, పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకోవడం, నోటిఫికేషన్ పీడీఎఫ్ తెరిచి అర్హతలు చదివి అర్థం చేసుకోవడం.. హైస్కూల్లో రెండు పీరియడ్లలో నేర్పొచ్చు. బడిలో కంప్యూటర్ లేకపోయినా టీచర్ ఫోన్‌లో చూపించొచ్చు. ఇంగ్లిష్ మాట్లాడటం రాదని బాధపడతాం కానీ, ముందు ఆ నోటిఫికేషన్ చదవడం వస్తే సగం యుద్ధం గెలిచినట్టే.

ఒక్క టీచర్.. వారానికి ఒక్క పీరియడ్

జాతీయ విద్యావిధానం 2020లో 6 నుంచి 8 తరగతుల పిల్లలకు బ్యాగ్ లేకుండా పది రోజులు బయటి పనులు చూపించాలని ఉంది. వడ్రంగి, ఎలక్ట్రీషియన్, కుమ్మరి, తోటపని ఇలా. ఐడియా బాగుంది. చాలా చోట్ల అది ఫొటోలు దిగి వాట్సాప్ గ్రూప్‌లో పెట్టే రోజుగా మిగిలిపోతోంది. దగ్గర్లోని పాలిటెక్నిక్ వర్క్‌షాప్‌కి, పీహెచ్‌సీకి, ఆర్టీసీ డిపోకి పిల్లల్ని తీసుకెళ్లడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. ఆ ఊరి బడిలోనే చదివి ఇప్పుడు స్టాఫ్ నర్స్‌గానో, లైన్‌మన్‌గానో, సాఫ్ట్‌వేర్‌లోనో ఉన్నవాళ్లు పండక్కి ఊరొస్తారు కదా. వాళ్లను గంటసేపు క్లాసులో కూర్చోబెడితే చాలు. జీతం ఎంత, ఎంత చదివావు, ఎక్కడ తప్పు చేశావు అని పిల్లలు అడిగే ప్రశ్నలకు ఏ బ్రోచర్‌లోనూ సమాధానం ఉండదు.

ప్రతి హైస్కూల్లో ఒక టీచర్‌కి ఈ బాధ్యత అధికారికంగా ఇచ్చి, వారానికి ఒక పీరియడ్ టైమ్‌టేబుల్‌లో పెట్టాలి. 'ఉన్న పనికి తోడు ఇది కూడా' అని అంటగడితే ఏమీ జరగదు. టీచర్లు ఇప్పటికే యాప్‌లలో ఫొటోలు అప్‌లోడ్ చేసి అలసిపోయి ఉన్నారు. ఏపీలో 2024 డిసెంబర్ నుంచి మెగా పేరెంట్ టీచర్ మీటింగ్‌లు పెడుతున్నారు. ఊరంతా ఒకేరోజు బడికి వచ్చే సందర్భం అది. ముగ్గుల పోటీలు, తాడు లాగే పోటీలు అన్నీ బాగున్నాయి. అందులో అరగంట తొమ్మిదో తరగతి తల్లిదండ్రులకు గ్రూపుల గురించి, పాలిసెట్ గురించి చెప్పడానికి కేటాయిస్తే పీఆర్వో అరగంటకి అది మంచి పోటీ అవుతుంది.

ముఖ్యంగా అమ్మాయిలున్న ఇళ్ల కోసం ఇది కావాలి. 'దూరం పంపలేం' అన్న ఒక్క మాటతో చాలా మంది అమ్మాయిల చదువు ఊళ్లో ఏ గ్రూప్ దొరికితే ఆ గ్రూప్‌తో ఆగిపోతోంది. మహిళా పాలిటెక్నిక్‌లు, గురుకుల కాలేజీలు, కేజీబీవీల్లో ఇంటర్ ఉన్నాయని, హాస్టల్ ఎలా ఉంటుందో ఒకసారి వెళ్లి చూసి రావొచ్చని బడిలో టీచరమ్మ చెబితే నాన్న వింటాడు. ఫోన్‌లో ఎవరో చెబితే వినడు.

మీ ఇంట్లో ఇప్పుడు తొమ్మిది చదివే పిల్లలుంటే ఒక పని వెంటనే చూడండి. పేరు, ఇంటిపేరు, నాన్న పేరు, పుట్టిన తేదీ.. స్కూల్ రికార్డులో ఎలా ఉన్నాయి, ఆధార్‌లో ఎలా ఉన్నాయి? టెన్త్ నామినల్ రోల్స్‌లో ఏ స్పెల్లింగ్ వెళ్తే మెమోలో అదే వస్తుంది. ఆ తర్వాత ప్రతి దరఖాస్తు, ప్రతి స్కాలర్‌షిప్, పాస్‌పోర్ట్ దాకా ఆ మెమోతోనే పోల్చి చూస్తారు. ఒక్క అక్షరం తేడా ఉన్నా, ఇప్పుడైతే హెడ్‌మాస్టర్‌కి ఒక అర్జీ ఇస్తే సరిపోతుంది. మెమో ప్రింట్ అయ్యాక అయితే బోర్డు ఆఫీసు దాకా తిరగాలి.